షుగర్ జబ్బు ఎముక మూలుగను ఏం చేస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

షుగర్ వస్తే కళ్లు, కిడ్నీలు, గుండె, పాదాలు జాగ్రత్తగా చూసుకోవాలని అందరికీ తెలుసు. వాటన్నిటికీ రక్తకణాలనూ మరమ్మతు కణాలనూ పంపే ఎముక మూలుగ కూడా అదే జబ్బుకు దెబ్బతింటుందన్న సంగతి చాలామందికి చేరలేదు. నెల్లూరు, కావలి, ఒంగోలు, కనిగిరి వైపు షుగర్ ఉన్నవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం. మందుల మోతాదులు మీ అవగాహన కోసమే. వాటిని మార్చాల్సింది మీ డాక్టరు.

మూలుగ అంటే మటన్ ఎముకలో ఉండేదేనా?

అదే. పుట్టినప్పుడు ఎముకలన్నిటిలోనూ రక్తం తయారుచేసే ఎర్రమూలుగే ఉంటుంది. పెద్దయ్యేకొద్దీ కాళ్లు చేతుల పొడవాటి ఎముకల్లో చాలావరకు కొవ్వు చేరి పసుపుగా మారిపోతుంది. ఎర్రమూలుగ ముఖ్యంగా తుంటి, వెన్నుపూసలు, రొమ్ము ఎముక, పక్కటెముకలు, పుర్రెలో మిగులుతుంది. సెకనుకు సుమారు 20 లక్షల ఎర్రకణాలు అక్కడ పుడతాయి.

అందులో రెండు రకాల మూలకణాలు ఉంటాయి. ఒక రకం నుంచి ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు వస్తాయి. రెండో రకం అవసరాన్ని బట్టి ఎముక కణంగానో, మృదులాస్థి కణంగానో, కొవ్వు కణంగానో మారుతుంది. షుగర్ ఈ రెండింటినీ దెబ్బతీస్తుంది, కాకపోతే ఒక్కోదాన్ని ఒక్కో తీరుగా.

రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే మూలుగలో జరిగేదేమిటి?

మొదట సన్నటి రక్తనాళాలు పోతాయి. కంటి రెటీనాలో, కిడ్నీలో ఏం జరుగుతుందో ఇక్కడా అదే. తుంటి ఆపరేషన్లలో తీసిన మూలుగను పరిశీలించినప్పుడు, షుగర్ ఉన్నవాళ్లలో సన్న నాళాలు తగ్గి, కొవ్వు పెరిగి, మూలకణాల సంఖ్య పడిపోయి కనిపించింది.

రెండోది నరాలు. మూలుగలోకి వెళ్లే సన్నటి నరాల కొసలే మూలకణాలు ఎప్పుడు రక్తంలోకి రావాలో నిర్ణయిస్తాయి. అరికాళ్లలో తిమ్మిర్లు తెప్పించే నరాల జబ్బే మూలుగలోనూ వచ్చి ఆ కొసలను తినేస్తుంది. అప్పుడు మూలకణాలు ఉన్నా సమయానికి బయటికి రావు.

మూడోది వాటిని మూలుగలోనే పట్టి ఉంచే పదార్థం, దాని పేరు సీఎక్స్‌సీఎల్12. మామూలు మనిషిలో గాయమైనప్పుడో ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడో మూలుగలో దీని మోతాదు తగ్గి కణాలు విడుదలవుతాయి. షుగర్ ఉన్నవాళ్లలో అది తగ్గాల్సినంత తగ్గదు. మూలుగలో పెరిగిపోయిన మాక్రోఫేజ్‌లనే తెల్లకణాలు దాన్ని ఎక్కువగానే ఉంచుతాయి. ఈ స్థితిపై ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయ పరిశోధకులు చాలా పనిచేశారు. రక్తంలో తిరిగే సీడీ34 మూలకణాలు (పైన సీడీ34 అనే గుర్తు ఉండే మూలకణాలు) షుగర్ ఉన్నవాళ్లలో తక్కువగా ఉంటాయి. అవి మరీ తగ్గినవాళ్లకు గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు ఎక్కువని కూడా తేలింది.

నాలుగోది, రెండో రకం మూలకణాలు దారి తప్పడం. ఎముక కణాలుగా మారాల్సినవి కొవ్వు కణాలవుతాయి. దాంతో ఎముక కట్టేవి తగ్గి, మూలుగలో కొవ్వు ఇంకా పెరుగుతుంది.

నా మూలుగ ఎంత దెబ్బతిందో చెప్పే పరీక్ష ఉందా?

మామూలు ల్యాబుల్లో లేదు. సీడీ34 లెక్క పరిశోధనల్లోనూ మూలకణ మార్పిడికి ముందూ చేస్తారు, రోజువారీ వైద్యంలో దాని పని లేదు. దానికోసం డబ్బు పెట్టకండి. మీకు పనికొచ్చేవి సీబీసీ (రక్తకణాల లెక్క), బీ12, ఫెర్రిటిన్ (ఐరన్ నిల్వ), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు), మూత్రంలో ఆల్బుమిన్ నిష్పత్తి. నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా ఇవన్నీ దొరుకుతాయి. మూలుగ కష్టం మొదట బయటపడేది రక్తం తగ్గడం, పుండు మానకపోవడం, చిన్న దెబ్బకే ఎముక విరగడం రూపంలో.

మా నాయనకు షుగర్ 400 ఉన్నప్పుడు తెల్లకణాలు 14 వేలు వచ్చాయి. బ్లడ్ క్యాన్సరా?

చాలావరకు కాదు. చక్కెర ఎక్కువైతే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు ఎస్100ఏ8, ఎస్100ఏ9 అనే ప్రొటీన్లు వదులుతాయి. అవి మూలుగలోని ముందుతరం కణాలను తట్టి మరిన్ని న్యూట్రోఫిల్స్, మోనోసైట్స్ (ఇంకో రకం తెల్లకణాలు) తయారయ్యేలా చేస్తాయి. 2013లో ఎలుకలపై జరిగిన ప్రయోగంలో ఇది స్పష్టంగా కనిపించింది. ఆ మోనోసైట్లే గుండె నాళాల గోడల్లో చేరి పూడికకు కారణమవుతాయి. అంటే ఒకే మూలుగ మరమ్మతు కణాలను తక్కువగా, వాపు పెంచే కణాలను ఎక్కువగా పంపుతోందన్నమాట.

కీటోఅసిడోసిస్‌లో (ఇన్సులిన్ చాలక రక్తంలో ఆమ్లాలు పేరుకునే అత్యవసర స్థితి) ఇన్ఫెక్షన్ లేకున్నా తెల్లకణాలు 15, 20 వేలు చేరతాయి. ముందు పాదాలు, మూత్రం, ఊపిరితిత్తులు, పళ్లలో ఇన్ఫెక్షన్ ఉందేమో వెతికించాలి. చక్కెర అదుపులోకి వచ్చిన రెండు మూడు వారాలకు సీబీసీ మళ్లీ చేయించండి. అప్పటికీ తగ్గకపోయినా, స్మియర్‌లో (రక్తపు చుక్కను సూక్ష్మదర్శినిలో చూసే పరీక్ష) బ్లాస్ట్‌లు అనే పక్వం కాని కణాలు కనిపించినా, హిమోగ్లోబిన్‌తో పాటు ప్లేట్‌లెట్లూ పడిపోతున్నా రక్త జబ్బుల డాక్టరు దగ్గరికి ఆలస్యం చేయకుండా వెళ్లాలి.

కాలి పుండు నెలలు గడిచినా మానడం లేదు. మూలుగే కారణమా?

ఒక భాగం అదే. పుండు మానాలంటే కొత్త రక్తనాళాలు మొలవాలి, అందుకు మూలుగ నుంచి కణాలు రావాలి. అవి రావడం లేదు. కానీ మూలుగ మీదికి నెట్టేసి అసలు కారణాలను వదిలేయకూడదు. మానని పుండుకు మొదటి కారణం దాని మీదే నడవడం. రెండోది కాలికి రక్తం చాలకపోవడం, మూడోది లోపల ఇన్ఫెక్షన్. పుండు మీద బరువు పడకుండా ప్లాస్టర్ బూటు గానీ తగిన చెప్పు గానీ, రక్తప్రసరణకు డాప్లర్ పరీక్ష, చచ్చిన చర్మం, ఆనెకాయలు వారం వారం తీయించడం ఈ మూడూ జరగకుండా ఎన్ని పూతమందులు రాసినా పుండు అలాగే ఉంటుంది.

రొయ్యల గుంటల్లో దిగేవాళ్లు ఒట్టికాళ్లతో దిగొద్దు. స్పర్శ తగ్గిన పాదానికి నత్తగుల్ల కోసినా తెలియదు. ఉప్పునీటిలోని విబ్రియో లాంటి సూక్ష్మజీవులు ఆ కోతలోంచి వెళ్లి గంటల్లో ప్రాణం మీదికి తేగలవు. రబ్బరు బూట్లు వేసుకోండి, గుంట నుంచి వచ్చాక మంచినీళ్లతో కడిగి, వేళ్ల సందులు తుడిచి, అద్దంలో అరికాలు చూసుకోండి. కోత చుట్టూ ఎరుపు పాకుతున్నా, నల్లటి బొబ్బలు లేచినా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకూడదు.

పొగాకు పండే ప్రాంతం కాబట్టి ఇది కూడా చెప్పాలి. బీడీ, సిగరెట్, చుట్ట రక్తంలో తిరిగే మరమ్మతు కణాలను ఇంకా తగ్గిస్తాయి. మానేసిన కొన్ని వారాల్లోనే ఆ లెక్క పెరగడం మొదలవుతుంది.

పుండు ఎముకదాకా వెళ్లిందని ఎలా తెలుస్తుంది?

శుభ్రమైన లోహపు ప్రోబ్‌తో పుండు అడుగును తాకినప్పుడు గట్టిగా, గరుగ్గా తగిలితే ఎముకకు సోకినట్టు గట్టి అనుమానం. ఇది డాక్టరే చేయాలి, ఇంట్లో పుల్లలతో పొడవకండి. రక్తపరీక్షలో వాపును చూపే ఈఎస్ఆర్ 70 దాటినా అనుమానం పెరుగుతుంది. ఎక్స్‌రేలో మార్పు రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి మొదటి ఎక్స్‌రే బాగుందని ధీమా పడొద్దు. ఎంఆర్‌ఐలో మూలుగలోని వాపు ముందే తెలుస్తుంది. ఎముక తీయకుండా మందులతోనే నయం చేయాలంటే దాదాపు ఆరు వారాల యాంటీబయాటిక్ కావాలి. పుండుపై పొర కట్టిందని పది రోజులకే ఆపేసినవాళ్లకు లోపలి మూలుగలో ఇన్ఫెక్షన్ మిగిలి, నెలల తర్వాత అదే వేలు మళ్లీ చీము పట్టడం మామూలే.

పాదం ఎర్రగా, వేడిగా వాచింది. నొప్పి లేదు, పుండు లేదు. ఏమై ఉంటుంది?

షార్కో పాదం కావచ్చు. నరాలు మొద్దుబారిన పాదంలో సన్నటి పగుళ్లు వచ్చి, మూలుగలో నీరు చేరి, ఎముకలు మెత్తబడతాయి. ఆ పాదం రెండోదానికంటే 2 డిగ్రీల సెల్సియస్ దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ వేడిగా ఉంటుంది. ఎక్స్‌రే తొలి వారాల్లో మామూలుగానే ఉండొచ్చు. చర్మం ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ ఇచ్చి నడవమంటే పాదం మధ్యలో కూలి దోనె అడుగులా వంగిపోతుంది. అనుమానం వచ్చిన రోజే ఆ కాలిపై బరువు ఆపేయాలి. మోకాలి కిందిదాకా ప్లాస్టర్ వేసి, రెండు పాదాల వేడి సమానమయ్యేదాకా, అంటే చాలాసార్లు నెలల తరబడి ఉంచుతారు.

షుగర్ ఉన్నవాళ్లకు రక్తం ఎందుకు తగ్గుతుంది?

హిమోగ్లోబిన్ మగవాళ్లకు 13, ఆడవాళ్లకు 12 కంటే తక్కువైతే రక్తహీనత. షుగర్ ఉన్నవాళ్లలో దీనికి కారణాలు ఎక్కువగా మూడు, అవి ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి.

కిడ్నీ నుంచి వచ్చే ఎరిత్రోపాయిటిన్ అనే హార్మోన్ చెబితేనే మూలుగ ఎర్రకణాలు తయారుచేస్తుంది. షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో, క్రియాటినిన్ మరీ పెరగకముందే ఈ హార్మోన్ తగ్గుతుంది. ఎరిత్రోపాయిటిన్ సూది మొదలుపెట్టే ముందు ఐరన్ నిల్వలు చూడాలి. ముడిసరుకు లేకుండా సూది వేస్తే డబ్బు దండగ, పైగా బీపీ పెరుగుతుంది. హిమోగ్లోబిన్‌ను 11.5 దాటించడం మంచిది కాదు.

రెండోది ఐరన్ లోపం. ఆడవాళ్లలో నెలసరి, మగవాళ్లలో మొలలు, కడుపులో పుండు, పేగు క్యాన్సర్ కారణాలు కావచ్చు. యాభై దాటిన మగమనిషికి ఐరన్ తక్కువుంటే టానిక్‌తో సరిపెట్టకుండా ఎండోస్కోపీ, కొలనోస్కోపీ చేయించాలి.

మూడోది బీ12.

మెట్‌ఫార్మిన్ వల్ల బీ12 తగ్గుతుందా?

తగ్గుతుంది. చిన్నపేగు చివర బీ12 రక్తంలోకి పోకుండా మెట్‌ఫార్మిన్ అడ్డుపడుతుంది. రోజుకు 1500, 2000 మిల్లీగ్రాములు నాలుగేళ్లకు పైగా వాడేవాళ్లకు, శాకాహారులకు, గ్యాస్ బిళ్లలు ఏళ్ల తరబడి మింగేవాళ్లకు ముప్పు ఎక్కువ. బీ12 లేకపోతే మూలుగలో కణాలు పెరుగుతాయి గానీ సరిగ్గా విభజన కావు. అందుకే రిపోర్టులో ఎంసీవీ (ఎర్రకణాల సగటు పరిమాణం) 100 దాటుతుంది. ఐరన్ కూడా తక్కువుంటే రెండూ ఒకదాన్నొకటి కప్పేసి ఎంసీవీ మామూలుగా కనిపిస్తుంది. దాన్ని చూసి బీ12 బాగుందని అనుకోకూడదు.

బీ12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాములకు తక్కువైతే లోపమే. 200 నుంచి 300 మధ్య ఉండి తిమ్మిర్లుంటే కూడా చికిత్స చేయడం మంచిది. అరికాళ్ల మంటలన్నీ షుగర్ వల్లేనని అనుకుని ఏళ్లు గడిపేవాళ్లు చాలామంది, వాళ్లలో కొందరికి అసలు జబ్బు బీ12 లోపం. పరీక్షకు రక్తం ఇచ్చాకే బీ-కాంప్లెక్స్ మొదలుపెట్టండి, ముందే వేసుకుంటే రిపోర్టు తప్పుగా బాగుంటుంది. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడితే రక్తం పెరిగి, నరాల నష్టం మాత్రం సాగుతూనే ఉంటుంది. మెట్‌ఫార్మిన్ ఆపాల్సిన పనిలేదు, ఏడాదికోసారి బీ12 చూసుకుంటే చాలు.

గ్లూకోమీటర్‌లో అంకెలు బాగున్నాయి, హెచ్‌బీఏ1సీ మాత్రం 8.5. ఏది నమ్మాలి?

గత మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ మీ మూలుగ తయారుచేసిన ఎర్రకణాల మీద ఆధారపడిన లెక్క. ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుందన్న నమ్మకంతో అది పనిచేస్తుంది. ఐరన్ లోపంలో పాత కణాలు ఎక్కువసేపు తిరగడంతో లెక్క నిజం కంటే ఎక్కువ చూపిస్తుంది. ఐరన్ వాడాక చక్కెర మారకుండానే అది తగ్గుతుంది. ఈ మధ్య రక్తం ఎక్కించుకున్నా, రక్తం పోయినా, ఎరిత్రోపాయిటిన్ సూదులు వాడుతున్నా, ఎర్రకణాలు విరిగే జబ్బున్నా నిజం కంటే తక్కువ చూపిస్తుంది. ఇదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే 6.5 చూసి అందరూ సంతోషపడతారు.

పోల్చుకోవడం ఇలా. హెచ్‌బీఏ1సీ 7 అంటే సగటు చక్కెర సుమారు 154, 8 అంటే 183, 9 అంటే 212. రెండు వారాల పాటు పరగడుపున, తిన్న రెండు గంటలకు, పడుకునేముందు చూసి రాసి పెట్టండి. సగటు బాగా తేడాగా ఉంటే హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ చూపించండి. ఫ్రక్టోసమీన్ పరీక్ష గత రెండు మూడు వారాల సంగతి చెబుతుంది, దానికి ఎర్రకణాలతో పనిలేదు. కాకపోతే మూత్రంలో ఆల్బుమిన్ ఎక్కువగా పోతున్నవాళ్లకు అదీ నమ్మదగ్గది కాదు.

మా అమ్మకు డెక్సా స్కాన్ నార్మల్. అయినా బాత్రూంలో జారితే తుంటి విరిగింది. ఎందుకు?

టైప్ 2 షుగర్‌లో ఎముక సాంద్రత మామూలుగానో, కొంచెం ఎక్కువగానో ఉంటుంది, నాణ్యత మాత్రం పోతుంది. చక్కెర ఎముకలోని కొల్లాజెన్‌కు అతుక్కుని దాన్ని పెళుసుగా చేస్తుంది. కొత్త ఎముక కట్టే కణాలు తగ్గడంతో పాత ఎముకే మిగులుతుంది. డెక్సా ఎంత ఖనిజం ఉందో కొలుస్తుంది, పెళుసుదనాన్ని కొలవలేదు. అందుకే షుగర్ ఉన్నవాళ్లకు టి-స్కోరు (డెక్సా ఇచ్చే సాంద్రత అంకె) మైనస్ 2.0 దగ్గరే మందులు మొదలుపెట్టే ఆలోచన చేస్తారు. ఎముక విరిగే ముప్పును అంచనా వేసే ఫ్రాక్స్ లెక్కలో టైప్ 2 షుగర్‌కు చోటు లేదు కాబట్టి డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ గడిలో అవునని పెట్టి ఆ లోటు సరిచేస్తారు.

పడిపోవడానికి కారణాలూ చూడాలి. రాత్రిపూట చక్కెర పడిపోవడం, లేచి నిలబడితే బీపీ తగ్గడం, చూపు మందగించడం, తడి గచ్చు.

కనిగిరి, పామూరు వైపు బోరునీళ్లు తాగేవాళ్లకు ఇంకేమైనా తేడా ఉందా?

ఉంది, చాలా ముఖ్యమైనది. దేశంలో ఫ్లోరోసిస్‌ను (ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్లు దెబ్బతినే జబ్బు) వైద్యులు తొలిసారి వివరంగా రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలోవే, 1970లో కొత్త జిల్లా ఏర్పడ్డాక విడిపోయాయి. ఫ్లోరైడ్ చేరిన ఎముక ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది, డెక్సాలో అంకె పెరుగుతుంది, బలం మాత్రం ఉండదు. మూలుగ ఉండే ఖాళీ కూడా ఇరుకవుతుంది. షుగర్, ఫ్లోరైడ్ రెండూ ఉన్నవాళ్ల డెక్సా నార్మల్ అంటే దాని విలువ చాలా తక్కువ.

అదుపులో లేని షుగర్ దప్పిక పెంచుతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు రోజుకు 2 లీటర్లు తాగితే 6 మిల్లీగ్రాములు, దప్పికతో 5 లీటర్లు తాగితే 15. కిడ్నీ దెబ్బతింటే అది బయటికి పోవడమూ తగ్గుతుంది. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కనవుతుంది. టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్ సంగతి చెప్పదు, ప్రత్యేకంగా పరీక్ష చేయించాలి. ఆర్‌ఓ నీళ్లు తాగడానికే కాదు, అన్నం, పప్పు, సంగటి వండటానికీ వాడండి.

ఏ షుగర్ మందులు ఎముకకు చెడు చేస్తాయి?

పయోగ్లిటజోన్. మూలుగలోని మూలకణాలను కొవ్వు వైపు నెట్టేది అదే. ముఖ్యంగా ఆడవాళ్లకు ముంజేయి, చీలమండ, పాదం ఎముకలు విరిగే ముప్పు పెరుగుతుంది. మూడు మందులు కలిపిన కొన్ని చవక బిళ్లల్లో ఇది ఉంటుంది, పట్టీ వెనక పేర్లు చదవండి. నెలసరి ఆగిన ఆడవాళ్లు, ఇంతకుముందు ఎముక విరిగినవాళ్లు డాక్టరును అడిగి మార్పించుకోవడం మంచిది. మెట్‌ఫార్మిన్, సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ ఎముకకు హాని చేయవు. డాపాగ్లిఫ్లోజిన్ తరగతి మందులతో హిమోగ్లోబిన్ కొంచెం పెరుగుతుంది, రిపోర్టు చూసి కంగారు పడొద్దు.

మూలుగ, పాయా తింటే మన మూలుగ బలపడుతుందా?

బలపడదు. తినే మూలుగలో ఎక్కువ భాగం కొవ్వే. పాయాలో కాల్షియం మనం అనుకునేంత ఉండదు. కాల్షియానికి 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములుంది, ముళ్లతో సహా తినే నెత్తళ్లలో పుష్కలంగా ఉంది. ఎండు నెత్తళ్లకు ఉప్పు ఎక్కువ కాబట్టి బీపీ, కిడ్నీ జబ్బున్నవాళ్లు పచ్చివే తినాలి. సంగటిలో సగం బియ్యమే ఉంటుంది కాబట్టి రెండు ముద్దలు తింటే చక్కెర అన్నం తిన్నట్టే పెరుగుతుంది. ఒక చిన్న ముద్ద, దానికి రెండింతలు ఆకుకూర పప్పు.

షుగర్ అదుపులోకి వస్తే మూలుగ కోలుకుంటుందా?

కొంతవరకు. చక్కెర తగ్గితే తెల్లకణాల ఉరవడి తగ్గుతుంది, రక్తంలో తిరిగే మూలకణాలు కొంత పెరుగుతాయి. రోజూ నడక, స్టాటిన్ మందులు కూడా వాటిని పెంచుతాయి. పోయిన నరాల కొసలు, కొల్లాజెన్‌కు అతుక్కున్న చక్కెర అంత తేలిగ్గా వెనక్కి రావు. అందుకే షుగర్ తెలిసిన తొలి ఏళ్లలోనే గట్టిగా అదుపు చేయాలని అంత పట్టుబట్టి చెబుతున్నాం.

మూలకణాల సూదితో షుగర్ పూర్తిగా పోతుందని ప్రకటనలు వస్తున్నాయి. వెళ్లమంటారా?

వద్దు. పొలం అమ్మి వెళ్లినవాళ్లకు డబ్బూ పోతుంది, ఇన్సులిన్ మానేసి కొందరికి ప్రాణం మీదికీ వస్తుంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ జబ్బుల్లాంటి ఆమోదించిన వాటికి చేసే మూలుగ మార్పిడి తప్ప మిగతా మూలకణ చికిత్స అంతా ప్రయోగమే. నమోదైన క్లినికల్ ట్రయల్‌లోనే చేయాలి, అందులో రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. సీటీఆర్‌ఐ (దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే పట్టిక) నంబరు అడగండి. నంబరు చెప్పకుండా ప్యాకేజీ ధర చెబితే లేచి వచ్చేయండి.

నిజమైన పరిశోధన సాగుతోంది. పిండ మూలకణాల నుంచి ల్యాబులో పెంచిన ఇన్సులిన్ కణాలను టైప్ 1 ఉన్న 12 మంది కాలేయంలోకి ఎక్కించగా, ఏడాదికి 10 మందికి ఇన్సులిన్ అవసరం లేకపోయిందని 2025లో ప్రచురించారు. వాళ్లు రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతూనే ఉండాలి. మన ఊళ్లలో ప్రకటనలిచ్చే సూదులకూ దీనికీ సంబంధం లేదు.

మైలోమాకు సొంత మూలకణాల మార్పిడి చేస్తామన్నారు. షుగర్ అడ్డమా?

అడ్డం కాదు, ముందే ప్లాన్ కావాలి. మైలోమా అంటే మూలుగలో పుట్టే ఒక రకం రక్త క్యాన్సర్. జీ-సీఎస్‌ఎఫ్ సూది కిలో బరువుకు 10 మైక్రోగ్రాముల చొప్పున నాలుగైదు రోజులు ఇచ్చి మూలకణాలను రక్తంలోకి రప్పిస్తారు. కిలో బరువుకు కనీసం 20 లక్షల సీడీ34 కణాలు చేతికి రావాలి. షుగర్ ఉన్నవాళ్లలో మూలుగ వాటిని వదలదు కాబట్టి తక్కువ రావచ్చు. అప్పుడు ముందురోజు రాత్రి ప్లెరిక్సాఫోర్ సూది ఇస్తారు. సీఎక్స్‌సీఎల్12 పట్టును విడిపించేది అదే. ఖరీదైన మందు, అవసరమైతే ఎంతవుతుందో చేరే ముందే అడగండి. రాయవేలూరు సీఎంసీలో 1986 నుంచి మూలుగ మార్పిడి చేస్తున్నారు, మన జిల్లాలవాళ్లు చాలామంది అక్కడికీ చెన్నైకీ వెళ్తుంటారు. మైలోమాకు ఇచ్చే స్టెరాయిడ్ మందు డెక్సామెథసోన్ వేసుకున్న రోజు మధ్యాహ్నం నుంచి రాత్రిదాకా చక్కెర బాగా పెరుగుతుంది, పరగడుపు రీడింగ్ ఒక్కటే చూస్తే దొరకదు.

నడుమునొప్పి, రక్తం తక్కువ, క్రియాటినిన్ ఎక్కువ ఈ మూడూ కలిసి ఉంటే అన్నీ షుగర్ ఖాతాలో వేయకండి. సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫోరసిస్ అనే రక్తపరీక్ష ఒకసారి చేయించండి, మైలోమా ఇలాగే దాక్కుంటుంది.

నా తమ్ముడికి నేను మూలకణాలు ఇవ్వొచ్చా? నాకు షుగర్ ఉంది.

ఇన్సులిన్ వాడుతుంటే సాధారణంగా తీసుకోరు. బిళ్లలతో అదుపులో ఉండి, కళ్లు, కిడ్నీలు, గుండె బాగుంటే మార్పిడి కేంద్రం పరీక్షించి నిర్ణయిస్తుంది.

మూలుగ పరీక్ష రాశారు. షుగర్ ఉన్నవాళ్లు ఎలా సిద్ధం కావాలి?

తుంటి వెనక ఎముక దగ్గర లిగ్నోకైన్ మత్తు సూది ఇచ్చి, సన్నటి గొట్టపు సూదితో మూలుగ ద్రవం, ఆ తర్వాత సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల పొడవు ఎముక ముక్క తీస్తారు. మొత్తం 20 నుంచి 30 నిమిషాలు. ద్రవం లాగేటప్పుడు కాలిదాకా జివ్వుమన్నట్టు నొప్పి వస్తుంది, కొన్ని సెకన్లే. అక్కడే మత్తిస్తే మామూలుగా తిని, మందులు వేసుకుని వెళ్లొచ్చు. నిద్ర మత్తు ఇస్తారంటే ఆరు గంటలు ఖాళీ కడుపు కావాలి కాబట్టి ఆ పూట ఇన్సులిన్, బిళ్లల సంగతి ముందురోజే అడిగి పెట్టుకోండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతుంటే తప్పక చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. పరీక్ష అయ్యాక వెల్లకిలా అరగంట పడుకోవాలి, పట్టీ 24 గంటలు తడవకూడదు. నొప్పికి పారాసిటమాల్ చాలు. కిడ్నీ జబ్బుంటే డైక్లోఫెనాక్ వాడకూడదు.